తల లేని మేక, కళ్లు లేని చూపు

తల లేని మేకకు ఉన్నంత పేరు మధ్య ఆసియాలో తల ఉన్న ఏ మనిషికీ లేదు. లండన్ విలేఖరి వచ్చి దాన్నే ఫొటో తీస్తాడు. న్యూయార్క్ యాత్రికుడు ఇంటికెళ్లి దాని కబుర్లే చెబుతాడు. హైదరాబాదులో కూర్చుని ఫోను గీకే మనం కూడా దాన్నే చూసి ‘ఛీ’ అంటాం, ఆ ‘ఛీ’ని వెంటనే నలుగురికీ పంపుతాం. మేక చుట్టూ గుర్రాలుంటాయి, గుర్రాల మీద రౌతులుంటారు, గట్టున వేలమంది జనం ఉంటారు, వెనక మంచుకొండల వరస ఉంటుంది. ఇవేవీ బయటివాడి కంట పడవు. చచ్చి సాధించడమంటే ఏమిటో తెలియాలంటే ఆ మేకనే అడగాలి.

ఆట పేరు దేశాన్ని బట్టి మారుతుంది. అఫ్గానిస్థాన్‌లో బుజ్‌కషీ, కజఖ్‌స్థాన్‌లో కోక్‌పార్, కిర్గిజ్‌స్థాన్‌లో కోక్‌బోరు, ఉజ్బెకిస్థాన్‌లో కుప్‌కరీ. పద్ధతుల్లో తేడాలున్నా మూలం ఒకటే. తల తీసిన మేక కళేబరమో, అఫ్గానిస్థాన్‌లోనైతే చాలాసార్లు దూడ కళేబరమో నేల మీద ఉంటుంది. గుర్రం మీదున్నవాడు కింద పడకుండా వంగి దాన్ని లేపాలి, మిగతావాళ్లు లాక్కోకుండా కాపాడుకోవాలి, గమ్యానికి చేర్చాలి. చెప్పడానికి మూడు ముక్కలు. నేర్చుకోవడానికి సగం జీవితం. బయటివాడికి మాత్రం ఇంత ఓపిక ఎక్కడిది? ‘చచ్చిన మేకతో పోలో’ అని తేల్చేసి భోజనానికి లేస్తాడు.

ఈ ఆట గురించి రాయడానికి బయటివాళ్లు పాటించే నిబంధనలు ఆట నిబంధనల కన్నా కఠినమైనవి. మొదటి వాక్యంలోనే ‘తల లేని’ అన్న మాట పడాలి. రెండో వాక్యంలో చెంగిజ్ ఖాన్ దిగాలి. పాపం ఆయన 1227లోనే కన్నుమూశాడు. అయినా మధ్య ఆసియాలో ఎవడు గుర్రమెక్కినా ఈనాటికీ ఆయనే వచ్చి పూచీ పడాలి. మూడో వాక్యంలో ఈ ఆట వేల ఏళ్లుగా ఇసుమంత కూడా మారలేదని ప్రకటించాలి. నాలుగో వాక్యంలో రచయిత మహాశయుడి ప్రాణాపాయం రావాలి: గుర్రాల గుంపు తన మీదికే దూసుకొచ్చింది, వెంట్రుకవాసిలో బతికి బయటపడ్డాడు. ఆ పూట నిజంగా ఎముక విరిగిన రౌతు ఎవడో ఉంటాడు. వాడికి కథనంలో చోటుండదు.

అయిదో వాక్యం మరీ రుచికరమైనది. పూర్వం మేక బదులు యుద్ధఖైదీలను వాడేవారట! పోలో పుట్టుక గురించి కూడా అచ్చంగా ఇలాంటి కథే తిరుగుతుంటుంది, అక్కడ బంతి బదులు శత్రువుల తలలు. ఈ కథలకు గట్టి ఆధారం లేదు. ఆధారం కావాలని అడిగినవాళ్లూ లేరు. గైడు చెబుతాడు, యాత్రికుడు వింటాడు, ఇద్దరికీ గిట్టుబాటవుతుంది. ఖైదీల కథ చెబితే గైడుకు బహుమానం కాస్త ఎక్కువ ముడుతుంది, ఆ కథ రాసుకున్న విలేఖరి వ్యాసానికి మొదటి పేజీలో చోటు దొరుకుతుంది. మధ్యలో చరిత్ర ఒక్కటే చేతులు కట్టుకుని నిలబడుతుంది.

‘ఏ మార్పూ లేని ఆదిమ క్రీడ’ అన్నారు కదా, ఆ ఆదిమత్వం ఎలా ఉంటుందో చూడండి. కిర్గిజ్‌స్థాన్ కోక్‌బోరులో మైదానం పొడవు 200 మీటర్లు, వెడల్పు 80 మీటర్లు. జట్టుకు పన్నెండుమంది, మైదానంలో ఒక్కోసారి నలుగురు. ఇరవై నిమిషాల చొప్పున మూడు భాగాలు. రెండు చివర్లా తాయ్ కజాన్ అనే పెద్ద కాగు లాంటి గోలు. ముప్పై కిలోలు దాటే కళేబరాన్ని, దాన్ని వాళ్లు ఉలాక్ అంటారు, ఎత్తుకొచ్చి అందులో వేస్తేనే పాయింటు. తప్పాటకు శిక్షలున్నాయి, రిఫరీలున్నారు, సమాఖ్య ఉంది, లీగులున్నాయి. సోవియట్ యూనియన్ కూలి 1991లో స్వతంత్రం వచ్చాక కూర్చుని కూర్చిన నియమాలివి. అంటే ఈ ‘అనాది’ ఆట ప్రస్తుత రూపం చాలామంది విలేఖరుల వయసు కన్నా చిన్నది.

అఫ్గానిస్థాన్‌లో రెండు తీరులున్నాయి. తూదబరాయీలో కళేబరంతో గుంపును చీల్చుకుని బయటపడితే చాలు. కరాజాయీలో జెండా చుట్టూ తిరిగొచ్చి, సున్నంతో గీసిన వృత్తంలో దాన్ని పడెయ్యాలి. 1950ల నుంచి జాహిర్ షా రాజు పుట్టినరోజుకు కాబూల్‌లో పెద్ద పోటీలు పెట్టేవారు, వాటి కోసం దేశ ఒలింపిక్ కమిటీ నియమాలు రాసింది. కాగితం, కలం, కమిటీ: ఆధునికతకు ఇంతకన్నా ఏం కావాలో నాకు తెలియదు. బహుశా తెల్ల చొక్కా కావాలేమో.

ఇక రౌతు. అఫ్గానులు ఇతన్ని చాపందాజ్ అంటారు. పైన దూది కుట్టిన మందపాటి అంగీ, తలకు బొచ్చు టోపీ, కాళ్లకు మడమ ఎత్తుగా ఉన్న బూట్లు. గుర్రం పరుగులో ఉండగా ఒక పాదం రికాబులో బిగించి, ఒళ్లంతా పక్కకు వాల్చి, చెయ్యి నేలకు తాకించి, నీటిలో నానబెట్టి బిగువెక్కించిన ఆ బరువును లాగుతాడు. అప్పటికి కొరడా పళ్ల మధ్య ఉంటుంది. లాగిన దాన్ని తొడ కింద నొక్కిపెడతాడు. అటూ ఇటూ ఇద్దరు ముగ్గురు ఆ కళేబరం కాళ్లు పట్టుకుని గుంజుతుంటారు. ఆ గుంపులోకి ఎలా చొరబడాలో, ఎప్పుడు రొమ్ముతో తొయ్యాలో, రౌతు వంగినప్పుడు ఎలా నిలకడగా ఉండాలో గుర్రానికి ఏళ్లకేళ్లు నేర్పుతారు. కుర్రవాళ్ల ఆట కూడా కాదిది, పేరున్న చాపందాజ్‌లలో చాలామంది నలభైల్లో ఉన్నవాళ్లు. ఇంత విద్య కళ్లముందు జరుగుతుంటే బయటివాడు అడిగే ప్రశ్న ఒక్కటే: ‘మేక నిజంగా చచ్చిందా?’ చచ్చింది నాయనా. ఆట మొదలవకముందే చచ్చింది. ఆట అయ్యాక చాలాచోట్ల దాన్ని వండుకుని తింటారు. నీ పళ్లెంలో ఉన్న మేక కూడా అంతే, కాకపోతే అది గుర్రపుస్వారీ చెయ్యకుండా వచ్చింది.

గురివింద గింజ తన నలుపెరగదంటారు. అసహ్యించుకునే దేశాల మైదానాలు ఒకసారి చూసొద్దాం. అమెరికా రోడియోలో దూడను పట్టే పోటీ ఉంటుంది. దూడ బతికే ఉంటుంది. అది పరుగెడుతుండగా మెడకు ఉచ్చు పడుతుంది, కౌబాయ్ గుర్రం దిగి దాన్ని నేలకేసి మూడు కాళ్లు కట్టేస్తాడు, గడియారం సెకన్లు లెక్కపెడుతుంది, కుటుంబ సమేతంగా జనం చప్పట్లు కొడతారు. దాన్ని ఎవరూ ‘బతికున్న దూడతో తాళ్లాట’ అని ఎగతాళి చెయ్యరు. అది వారసత్వం. అదే దేశంలో 18, 19 శతాబ్దాల్లో ఇంకో వినోదం ఉండేది. బతికున్న బాతును తలకిందులుగా వేలాడగట్టి, మెడకు కొవ్వు రాసి, కింద నుంచి గుర్రం మీద దూసుకెళ్తూ తల లాగెయ్యాలి. బెల్జియంలో ఆంట్వెర్ప్ దగ్గరి పల్లెల్లోనూ, నెదర్లాండ్స్‌లో గ్రెవెన్‌బిఖ్త్ ఊళ్లోనూ ఈ బాతు వేడుక ఇప్పటికాలం దాకా నడిచింది, చచ్చిన బాతుతో. గుర్రం, రౌతు, చచ్చిన జంతువు: మూడు దినుసులూ అవే. కానీ అక్కడ దాని పేరు జానపద ఉత్సవం, ఇక్కడ దాని పేరు ఆటవికం.

మాన్యుల పందేల సంగతి? 2023 వసంతంలో అమెరికాలో కెంటకీ డెర్బీ గుర్రప్పందెం జరిగే చర్చిల్ డౌన్స్ మైదానంలో కొద్దివారాల్లో 12 గుర్రాలు చచ్చిపోయాయి, పందేలు వేరే ఊరికి మార్చాల్సి వచ్చింది. అదే ఏడాది ఇంగ్లండులో గ్రాండ్ నేషనల్ మూడు రోజుల సంబరంలో మూడు గుర్రాలు పోయాయి. ఆడవాళ్ల టోపీల ఫొటోలు మాత్రం ఎప్పటిలాగే అన్ని పత్రికల్లోనూ వచ్చాయి. టోక్యో ఒలింపిక్స్‌లో ఆధునిక పెంటాథ్లాన్ జరుగుతుంటే మొరాయించిన గుర్రాన్ని జర్మనీ కోచ్ పిడికిలితో గుద్దిన దృశ్యం ప్రపంచమంతా చూసింది. ఆ దుమారం తర్వాత 2028 నుంచి ఆ క్రీడలో గుర్రపుస్వారీనే తీసేశారు. అంటే పాపం చేసినవాడు కోచ్, ఉద్యోగం ఊడింది గుర్రానికి. ఇంత జరిగినా పాశ్చాత్య నాగరికతకు గుర్రాలంటే ద్వేషమని ఎవరూ సిద్ధాంతం రాయలేదు. ఒక కోచ్ తప్పు ఒక కోచ్ తప్పే. ఒక చాపందాజ్ కొరడా దెబ్బ మాత్రం మొత్తం జాతి స్వభావం.

నాగరికత ఎక్కడ మొదలవుతుందో పోలోను చూస్తే తెలుస్తుంది. మణిపూర్‌లో పుట్టిన సగోల్ కాంగ్‌జెయ్ అనే ఆటను మణిపురీలు ఆడుతుంటే చూసిన బ్రిటిష్ దొరలు 1859లో సిల్చార్‌లో పోలో క్లబ్బు పెట్టారు. అక్కణ్నుంచి ఆ ఆట కలకత్తాకు, లండన్‌కు పోయి, తెల్ల పంట్లాము తొడుక్కుని, షాంపేను తాగడం నేర్చుకుని ఒలింపిక్స్ దాకా వెళ్లింది. మణిపూర్ పొట్టి గుర్రం మాత్రం మణిపూర్‌లోనే మిగిలిపోయి, ఇప్పుడు అంతరించే జాతుల లెక్కలో ఉంది. గుర్రాలు గుద్దుకోవడం, రౌతులు పడడం, కాళ్లు విరగడం పోలోలోనూ ఉన్నాయి. కానీ దొర ముట్టుకున్నాడు గనక మెరుగైంది. కోక్‌బోరును ఏ దొరా ముట్టుకోలేదు. ముట్టుకోవాలంటే చేతికి మేక అంటుతుంది కదా.

అసహ్యించుకునేవాళ్లతో వేగవచ్చు. ముచ్చటపడేవాళ్లతోనే కష్టం. వీళ్లకు ఈ ఆట ఎంత మోటుగా ఉంటే అంత ఇష్టం. ఫ్రెంచి రచయిత జోసెఫ్ కెసెల్ 1967లో దీని మీద నవల రాశాడు. 1971లో అమెరికా దర్శకుడు జాన్ ఫ్రాంకెన్‌హైమర్ దాన్ని ‘ది హార్స్‌మెన్’ సినిమాగా తీశాడు. అందులో అఫ్గాన్ చాపందాజ్‌గా ఈజిప్టు నటుడు ఒమర్ షరీఫ్. ఫ్రాన్సు రాసింది, అమెరికా తీసింది, ఈజిప్టు ఆడింది. అఫ్గానిస్థాన్ దుమ్ము సరఫరా చేసింది. 1988లో ‘రాంబో 3’ ఆ మాత్రం దుమ్ము కూడా అడగలేదు, అఫ్గాన్ గడ్డ తొక్కకుండానే అఫ్గాన్ కథ చెప్పేసింది. అందులో సిల్వెస్టర్ స్టాలోన్ వచ్చీ రాగానే గుర్రమెక్కి, మేకను అందుకుని, స్థానికుల చేత శభాష్ అనిపించుకుంటాడు. పుట్టుకతో జీను మీదున్నవాడికి నలభై ఏళ్లొస్తే గానీ అబ్బని విద్య, విమానం దిగినవాడికి పది నిమిషాల్లో వచ్చేస్తుంది. తెరకు బయట మాత్రం కథ వేరు. 2016లో కిర్గిజ్‌స్థాన్‌లో జరిగిన ప్రపంచ సంచార క్రీడలకు నిజం కౌబాయ్‌ల అమెరికా జట్టు వచ్చింది. మర్యాదగా ఆడింది, పతకం లేకుండా మర్యాదగా వెళ్లింది. వాళ్లకు కనీసం ఆట ఎంత కష్టమో తెలిసింది. స్టాలోన్‌కు తెలిసే అవకాశమే రాలేదు.

మనవాళ్లు తక్కువ తిన్నారా? 1992 నాటి ‘ఖుదా గవా’ సినిమా బుజ్‌కషీతోనే మొదలవుతుంది. యూనిట్ నిజంగానే అఫ్గానిస్థాన్ వెళ్లింది, అప్పటి అధ్యక్షుడు నజీబుల్లా ప్రభుత్వం గట్టి భద్రత ఇచ్చింది. మైదానంలో అమితాబ్ బచ్చన్‌కు ఎదురుగా ముసుగులో గుర్రమెక్కి పోటీకి దిగింది మన శ్రీదేవి. అఫ్గాన్ మైదానాల్లో గట్టున కూర్చుని చూసే ఆడవాళ్లే కనపడరు, మన సినిమాలో ఏకంగా కథానాయికే మేక కోసం కలబడింది. చూసిన తెలుగువాళ్లు అది అఫ్గానుల సంప్రదాయమనే నమ్మారు.  

మూడో రకం బయటివాడు మేధావి. ఇతగాడికి మేక మేక కాదు, ప్రతీక. విట్నీ అజోయ్ అని కాబూల్‌లో అమెరికా దౌత్యవేత్తగా పనిచేసి, తర్వాత మానవశాస్త్రవేత్త అయినవాడు 1982లో బుజ్‌కషీ మీద మంచి పుస్తకం రాశాడు. ఆట జరిపించే ఖాన్ అనే స్థానిక పెద్ద పరువు ఎలా పెరుగుతుందో, ఆట అదుపు తప్పితే ఆ పరువు ఎలా జారుతుందో, కాబూల్ ప్రభుత్వం ఈ పెద్దరికాన్ని ఎలా చేజిక్కించుకుందో ఓపిగ్గా చూసి చెప్పాడు. పుస్తకంలోని ఓపికను ఎవరూ తీసుకోలేదు, పోలిక ఒక్కటి ఊడబెరుక్కుని పారిపోయారు. నాటి నుంచి అఫ్గాన్ రాజకీయాల మీద వ్యాసమంటే బుజ్‌కషీ తప్పదు: దేశమే మేక, నాయకులే రౌతులు, ఎవడి బలం వాడిది, వీళ్లింతే, వీళ్ల రక్తంలోనే ఉంది.

ఎంత సుఖమైన పోలికో చూడండి. ఈ పోలిక రాసినవాడు ఎప్పుడూ గట్టు మీదే ఉంటాడు, చేతిలో నోట్‌బుక్కుతో. 1979 డిసెంబరులో ట్యాంకులేసుకుని దిగిన సోవియట్లు గట్టు మీద ఉన్నారా? 1980లంతా పాకిస్థాన్ దారిన ఆయుధాలు దించిన అమెరికా గట్టు మీద ఉందా? 2001లో బాంబులతో వచ్చి, 2021 ఆగస్టులో కాబూల్ విమానాశ్రయం నుంచి పరుగున పోయినవాళ్లు ప్రేక్షకులా? ఆ దేశం కాళ్లు చేతులు పట్టుకుని నాలుగు వైపులా గుంజినవాళ్లలో గుర్రాల్లేనివాళ్లే ఎక్కువ. గుంజి గుంజి వదిలేశాక, ‘ఈ జనానికి గుంజుకోవడమంటే మహా సరదా’ అని సాంస్కృతిక వ్యాఖ్యానం రాశారు. బుజ్‌కషీలో కూడా ఇంత తప్పాట లేదు. అక్కడ కనీసం ఆడినవాడు ఆడలేదని బుకాయించడు.

మేకనే చూస్తూ కూర్చుంటే ఏం కనపడకుండా పోతుందో ఒక ఉదాహరణ చెబుతాను. 2016 నవంబరులో, ఉత్తర అఫ్గానిస్థాన్‌లోని షెబెర్గాన్‌లో బుజ్‌కషీ జరుగుతోంది. అప్పటి ఉపాధ్యక్షుడు అబ్దుల్ రషీద్ దోస్తుమ్ ఉన్నారు. 2001లో అమెరికా పక్షాన పోరాడిన సేనాని ఆయన. తన రాజకీయ ప్రత్యర్థి, జౌజ్జాన్ మాజీ గవర్నర్ అహ్మద్ ఇష్చీని ఆ మైదానంలోనే కొట్టి, పట్టుకుపోయి, రోజుల తరబడి నిర్బంధించి హింసించారని ఆరోపణ వచ్చింది. దోస్తుమ్ కాదన్నారు. మరుసటి ఏడాది టర్కీకి వెళ్లారు, 2018లో తిరిగొచ్చారు. ఆ రోజు ఆ మైదానంలో క్రూరత్వం వెతకాల్సినవాడు ఎటు చూడాలి? మేక వైపా, మనిషి వైపా? బుజ్‌కషీ హింస గురించి పుంఖానుపుంఖాలుగా రాసేవాళ్లలో ఈ సంగతి ఎత్తేవాళ్లు అరుదు. దీనికి ఫొటో అంత బాగా రాదు మరి.

నిషేధం కోరే సున్నిత హృదయులకు ఒక శుభవార్త. మీ కల ఒకసారి నెరవేరింది. 1996 నుంచి 2001 దాకా ఈ ఆటను తాలిబాన్లు నిషేధించారు. జంతుప్రేమతో కాదు, మతానికి విరుద్ధమని. పడమటి జంతుప్రేమికులకూ తాలిబాన్లకూ కుదిరిన ఏకాభిప్రాయాలు చరిత్రలో ఎన్నో లేవు. 2021లో రెండోసారి గద్దెనెక్కాక తాలిబాన్లు మనసు మార్చుకున్నారు, పోటీలు జరగనిస్తున్నారు. అదే ఏలుబడిలో ఆడపిల్లలకు ఆరో తరగతి దాటి బడి లేదు. బయటివాడి కెమెరా మళ్లీ మైదానంలో మేక మీదే నిలిచింది.

లోపలి పాలకులు అమాయకులనుకోకండి. బయటివాడి చూపు ఎంత ఖరీదైనదో వాళ్లకు బాగా తెలుసు. కిర్గిజ్‌స్థాన్ 2014లో ఇస్సిక్ కుల్ సరస్సు ఒడ్డున ప్రపంచ సంచార క్రీడలు మొదలుపెట్టింది. 2016, 2018లలో కూడా అక్కడే జరిపింది. 2016 ప్రారంభోత్సవంలో సంచార వీరుడి వేషంలో గుర్రమెక్కి ఊరేగింది ఎవరనుకున్నారు? హాలీవుడ్ నటుడు స్టీవెన్ సెగాల్! వేల ఏళ్ల సంచార సంస్కృతికి ప్రపంచ గుర్తింపు కావాలంటే చివరికి అమెరికా ఫైటింగు సినిమాల హీరో జీనెక్కాల్సి వచ్చింది. 2017లో యునెస్కో కోక్‌బోరును మానవజాతి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. జాబితాలో చేరితే ముద్ర పడుతుంది, ముద్ర పడితే యాత్రికుడు వస్తాడు, యాత్రికుడు వస్తే మళ్లీ అదే ప్రశ్న: ‘మేక నిజంగా చచ్చిందా?’

దానికి 2024లో కజఖ్‌స్థాన్‌లోని అస్తానాలో జరిగిన సంచార క్రీడల్లో జవాబు దొరికింది. కళేబరం తీసేసి దాని బరువుతోనే తయారుచేసిన బొమ్మను పెట్టారు. సున్నితులు సంతోషించారు. మోటుతనం కోసం వచ్చినవాళ్లు ‘అసలు రుచి పోయింది’ అని మూతి ముడిచారు. ఇద్దరూ టికెట్టు కొన్నారు. రౌతులు మాత్రం అదే వేగంతో వంగారు, అదే బరువు లేపారు, అదే విధంగా పడ్డారు. మేక పోయాక ఆట పోలేదంటే అసలు ఆట ఎప్పుడూ మేకలో లేదన్నమాట. ఇంత సులువైన సత్యం తెలుసుకోవడానికి బయటివాడికి ఓ బొమ్మ కావాల్సి వచ్చింది.

ఇంతసేపూ దొరలను తిట్టినందుకు మనం చంకలు గుద్దుకోనక్కర్లేదు. వైద్యం చదవడానికి మన తెలుగు పిల్లలు కిర్గిజ్‌స్థాన్ రాజధాని బిష్కెక్ దాకా వెళ్తున్నారు. అక్కడి గుర్రాల ఆట వీడియోలు వాళ్ల ఫోన్ల నుంచి మన ఫోన్లలోకి వస్తున్నాయి. కింద మన వ్యాఖ్యలు ఏ లండన్ విలేఖరికీ తీసిపోవు. ‘అనాగరికులు’ అని రాసినవాడే సంక్రాంతికి గోదావరి జిల్లాలో బరి దగ్గర ముందు వరుసలో నిలబడతాడు. అక్కడ పుంజు బతికే ఉంటుంది, దాని కాలికి కత్తి ఉంటుంది, ఏటా కోర్టు ఉత్తర్వులుంటాయి, పోలీసు హెచ్చరికలుంటాయి, ప్రజాప్రతినిధులు కూడా ఉంటారు. దాన్ని బయటివాడెవడైనా క్రూరత్వమన్నాడా, మన రోషం కోడిపుంజును మించిపోతుంది. ‘మా సంప్రదాయం నీకేం తెలుసు?’ అంటాం. ఆ ప్రశ్న కిర్గిజ్ రౌతు మనల్ని అడగలేదంటే కారణం ఒక్కటే, అతను తెలుగు చదవడు.

నేను ఈ ఆటకు వకీలును కాను. అడగాల్సిన ప్రశ్నలు బోలెడున్నాయి. అఫ్గానిస్థాన్‌లో మేలిజాతి బుజ్‌కషీ గుర్రం ధర సామాన్యుడి ఊహకు అందదు. దాన్ని కొనేది, మేపేది ఖాన్, సేనాని, వ్యాపారి. ఒకప్పటి ఉపాధ్యక్షుడు మార్షల్ ఫహీమ్ లాంటివాళ్లు ఈ గుర్రాలను పోషించి పేరు గడించారు. చాపందాజ్ ఎక్కేది చాలాసార్లు తనది కాని గుర్రం. గెలిస్తే బహుమతి డబ్బు రౌతుకు, పరువు యజమానికి. మరి కాలు విరిగితే? వైద్యం ఖర్చు ఎవరిది, ఆ చలికాలమంతా అతని ఇల్లు గడిపేది ఎవరు? గాయపడిన గుర్రాన్ని చూసే పశువైద్యుడున్నాడా? పోటీ పెట్టిన డబ్బు ఎక్కణ్నుంచి వచ్చింది? గట్టున ఆడవాళ్లు ఎందుకు లేరు? వారసత్వ ముద్రతో వచ్చిన యాత్రికుల సొమ్ములో పల్లె రౌతుకు ఎంత ముట్టింది? ఇవి అడిగితే ఖాన్‌కు కోపమొస్తుంది, సేనానికి కోపమొస్తుంది, పర్యాటక శాఖకూ కోపమొస్తుంది. మేక గురించి అడిగితే ఎవరికీ కోపం రాదు. అందుకే బయటివాళ్లందరూ మేక గురించే అడుగుతారు, లోపలి పెద్దలు కూడా నవ్వుతూ జవాబిస్తారు. ఈ ఏర్పాటులో నష్టపోయేది రౌతూ, గుర్రమూ మాత్రమే.

కాబట్టి చూసేవాళ్లకు ఒక్క మనవి. ఆట నచ్చకపోతే నచ్చలేదనండి, క్రూరంగా ఉంటే క్రూరమనండి, ఆ హక్కు ఎవరికైనా ఉంది. కానీ తీర్పు చెప్పేముందు ఒక పూట పూర్తిగా కూర్చుని చూడండి, రౌతును పేరడగండి, గుర్రం ఎవరిదో అడగండి. ఆ తర్వాత అదే కొలబద్ద పట్టుకుని మీ ఊరి పందేల దగ్గరికి వెళ్లండి, మీ వాళ్ల మొహమ్మీదే అదే తీర్పు చదవండి. అక్కడ నోరు పెగలకపోతే, ఇక్కడ మేక మీద జాలి చూపించే అర్హత మీకు లేదు.